వెనకనుంచి చెప్పిన మాట

అక్టోబర్ 3, శుక్రవారం

ప్రెస్‌లో బైండింగ్ తప్పిన డైరీ ఒకటి చెత్తలోకి పోతుంటే తెచ్చుకున్నాను. ఇందులో జులై రెండుసార్లు వచ్చింది, సెప్టెంబర్ అసలు లేదు. అక్టోబర్ నుంచి మాత్రం సరిగ్గానే ఉంది. నాకు అది చాలు. ఇన్నేళ్ళుగా ఊరందరికీ డైరీలు అచ్చువేశాను గానీ ఒక్క పేజీ రాసుకున్న పాపాన పోలేదు. ఇప్పుడెందుకంటే, ఇంట్లో మాటలు తక్కువైపోయాయి. ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలి కదా.

సాయంత్రం జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాను. సెలూన్ తమ్ముడు మొదటిసారి నా తల పట్టుకున్నప్పుడు నాకు ఒత్తుగా జుట్టుండేది, అతనికి మీసం కూడా రాలేదు. ఇప్పుడు లెక్క తిరగబడింది. అతనితో మాట్లాడటం నాకు హాయిగా ఉంటుంది. అద్దంలో నాకేసి చూస్తూ నింపాదిగా మాట్లాడతాడు. ఈమధ్య అందరూ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు మాట్లాడుతున్నారు. మాటను మాటలా పలికేవాడు ఇతనొక్కడే మిగిలాడు.

చేతులు కడుక్కోవడానికి వెనక పెరట్లోకి వెళ్తే టార్పాలిన్ కింద ముదురు పచ్చ ట్యాంకు కనబడింది. ఎత్తి చూశాను. మోటార్‌సైకిల్.

"అమ్మేద్దామనుకుంటున్నానన్నా. నడుం నొప్పి. డాక్టర్ బండెక్కొద్దన్నాడు" అన్నాడు.

మా పాత బండిది కూడా అదే రంగు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ వెనక కూర్చుని, నా భుజం మీద గడ్డం ఆనించి, ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా చెవిలో ఇల్లు కట్టుకుని మాట్లాడేది. వాళ్ళ బడి పిల్లల సంగతులు, రాత్రి వచ్చిన కల, పక్కింటి పిల్లి ఎవరింట్లో పాలు తాగిందో. మా అమ్మాయి పుట్టాక ఆ బండి అమ్మేశాం. ఇప్పుడు ఆవిడ నాతో అంతగా మాట్లాడదు. ఇద్దరం బస్సుల్లో తిరగడం వల్లనే అనుకుంటాను. బస్సులో ఏం మాట్లాడతారు?

అక్టోబర్ 4, శనివారం

బండి సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఊరికే చూశానంతే. కొనేదీ లేదు, పెట్టేదీ లేదు.

అక్టోబర్ 5, ఆదివారం

అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. సిగ్నల్ బాగాలేదు. వాళ్ళమ్మకి ఇచ్చేశాను. వాళ్ళమ్మకి సిగ్నల్ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

అక్టోబర్ 6, సోమవారం

ప్రెస్‌లో బెల్లు పాడైంది. మెషీన్ తిప్పేముందు అందరూ చేతులు వెనక్కి తీసుకోవాలని బెల్లు కొడతారు. ఇవాళ నేను రోలర్ తుడుస్తుంటే బెల్లు కొట్టకుండానే మెషీన్ కదిలింది. పక్కనున్నవాడు నా కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాడు. పై గుండీ తెగి ఎక్కడో పడింది. ఫోర్‌మన్ పరిగెత్తుకొచ్చి నన్నే గుడ్లురిమి చూశాడు. ముందు బెల్లు బాగుచేయించండి అని గట్టిగా చెప్పాను. అందరూ ఒకసారి బెల్లుకేసి, ఒకసారి నాకేసి చూశారు.

ఆవిడ గుండీ కుడుతూ ఏమైందని అడిగింది. మేకు తగిలిందన్నాను.

అక్టోబర్ 9, గురువారం

చెప్పేశాను. ఆవిడ స్టవ్ దగ్గర, వీపు నావైపు పెట్టి నిలబడి ఉంది. సెలూన్ తమ్ముడి బండి ఉంది, కొందామనుకుంటున్నాను అన్నాను. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఇష్టం లేదేమో అనుకున్నాను.

"ఇష్టం లేకపోతే లేదని చెప్పు. మౌనవ్రతం ఎందుకు?" అన్నాను.

గరిటె చేత్తో పట్టుకునే నావైపు తిరిగింది. "మరి ఇందాకట్నుంచీ చెప్పిందేంటి?" అంది.

"ఏం చెప్పావ్?"

కాసేపు నా ముఖం చూసింది. "ఏం లేదులే" అంది.

ఈమధ్య ఆవిడ నోట ఎక్కువగా వచ్చే మాట అదే. ఏం లేదులే. ఒకప్పుడు ఎన్ని ఉండేవి!

అక్టోబర్ 10, శుక్రవారం

బయానా ఇచ్చేశాను!

ప్రెస్ నుంచి నేరుగా వెళ్ళాను. టార్పాలిన్ తీసి కిక్ కొట్టాడు. రెండో కిక్‌కే అందుకుంది. ఆ ఇంజన్ తిరుగుతుంటే ఎంత మెత్తగా ఉందో రాయడం నా వల్ల కాదు. పట్టుబట్ట మీద చెయ్యి వేసినట్టు. నేను మోకాళ్ళ మీద కూర్చుని సైలెన్సర్ పొగ చూశాను, ఆయిల్ కారుతోందా అని కింద చూశాను. తమ్ముడు నా వెనకాల నిలబడి ఏదో చెబుతూనే ఉన్నాడు. బేరగాడు తన సరుకును పొగుడుకోడా మరి? నేను తల ఊపుతూ ఉన్నాను. లేచి, జేబులో ఉన్నది అతని చేతిలో పెట్టాను. అతను కొంచెం విచిత్రంగా చూశాడు. "అన్నీ తెలిసే తీసుకుంటున్నారుగా అన్నా?" అన్నాడు.

"నాకా చెప్తావ్? పాతికేళ్ళు మెషీన్ల మధ్య బతికినవాణ్ణి" అన్నాను.

అక్టోబర్ 12, ఆదివారం

ఇది రాయాలని లేదు. రాస్తాను.

బండి చూపించడానికి ఆవిడని తీసుకెళ్ళాను. ఆవిడ బాలబడిలో చిన్నపిల్లలకి చెప్పే టీచరు. కప్ప అరుపు, రైలు కూత, గుర్రం డెక్కలు, ఏ చప్పుడైనా నోటితో చేసి చూపిస్తుంది. తమ్ముడు కిక్ కొట్టగానే ఆవిడ ముఖం ముడుచుకుపోయింది. నేనింకా, చూశావా ఎంత మెత్తగా ఉందో అనబోతున్నాను.

"అదేం చప్పుడండీ?" అంది.

"ఏ చప్పుడు?"

"లోపల్నుంచి. స్టీలు గిన్నెలో గోళీ వేసి ఊపినట్టు." నాలుక అంగిట్లో కొట్టి చేసి కూడా చూపించింది. టక టక టక టక. యాక్సిలరేటర్ తిప్పితే ఇంకా వేగంగా చేసింది, ఇంజన్‌తో పాటు.

నాకేమీ వినిపించలేదు. తమ్ముడి ముఖం చూశాను. అతను ఆశ్చర్యపడలేదు. అంటే అతనికి తెలుసు.

అక్కడ నా బుర్ర పనిచేయడం మానేసింది. "ఇంజన్ పోయిన బండి అంటగడతావా నాకు? ఇన్నేళ్ళు నీ కత్తికి తల అప్పగించినందుకు ఇదా?" అని అరిచాను. సెలూన్‌లో గడ్డానికి సబ్బు రాసుకుని కూర్చున్న ఒకాయన అలాగే పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ముందే చెవిన వేశాను కదన్నా! ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పా. ఆయిల్ అయిపోయింది చూసుకోకుండా నడిపాను, రాడ్ కొడుతోంది, ఇంజన్ దింపాల్సిందే అని చెప్పా. మీరు తల ఊపారు" అన్నాడు.

"అబద్ధం."

"నా పిల్లల మీద ఒట్టన్నా."

"పిల్లల్ని మధ్యకి లాగకు. అబద్ధాలకోరువి" అన్నాను.

ఆ మాట అన్నాను. అతను బయానా తెచ్చి నా చేతిలో పెట్టబోతే తీసుకోకుండా వచ్చేశాను. ఆవిడ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

అక్టోబర్ 13, సోమవారం

మోసం చేసినవాడు ఒట్లు పెట్టక ఏం చేస్తాడు? నేనేమైనా పసిపిల్లాడినా, ఇంజన్ పోయిందని మొహం మీద చెబితే తల ఊపి డబ్బులివ్వడానికి? ఇక ఆ సెలూన్ గడప తొక్కను. బజారులో ఇంకొకటి ఉంది. కుర్చీలు కూడా కొత్తవి.

ఆవిడకి ఆ చప్పుడు ఎలా వినిపించిందో మాత్రం అర్థం కావడం లేదు. బండ్ల గురించి ఆవిడకేం తెలుసు?

అక్టోబర్ 14, మంగళవారం

ఇవాళ కూడా ఆవిడ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పంతమంటే పంతమే.

అక్టోబర్ 15, బుధవారం

సాయంత్రం కరెంటు పోయింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను, ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. కొవ్వొత్తి వెలిగించలేదు. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. వాన చినుకులు మొదలైనట్టున్నాయి, కిటికీలోంచి చల్లగాలి వచ్చింది. ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉంది. ఎన్ని రోజులైందో అలా కూర్చుని. నేను ఏమీ మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడటం లేదనుకున్నాను. ఇలా ఊరికే కూర్చోగలిగితే ఇక గొడవేముంది అనిపించింది.

కరెంటు వచ్చింది. ఆవిడ కళ్ళు, ముక్కు ఎర్రబడి ఉన్నాయి. నాకేసి చూస్తూ, "ఏమంటారు మరి?" అంది.

నేను నవ్వి, "ఎంత ప్రశాంతంగా ఉందో కదా" అన్నాను.

ఆవిడ ముఖం ఎలా మారిందో రాయలేను. కోపం కాదు. లేచి నా ఎదురుగా నేల మీద కూర్చుని నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, బడిలో ముక్కు తుడవడానికి పిల్లల్ని పట్టుకున్నట్టు.

"పావుగంట నుంచి మాట్లాడుతున్నానండీ" అంది.

నేను నా చేతికేసి చూసుకున్నాను, ఇందాక ఆవిడ చెయ్యి ఉన్న చోటు.

"చీకట్లో అయితే చెప్పగలననిపించింది. అంతా చెప్పా. మీకు ఏదైనా మూడుసార్లు చెప్పి చెప్పి అలిసిపోయి మానేశానని, మానేశాక నాకే ఇంట్లో దిక్కు తోచడం లేదని, అలిసిపోయినందుకు సిగ్గేస్తోందని. ఇంకా చాలా చెప్పా."

"మళ్ళీ చెప్పు."

"మళ్ళీ చెప్పలేను. అది చీకట్లో చెప్పే మాట." ముక్కు ఎగబీల్చి, ప్రతి అక్షరం విడివిడిగా పలికింది. "సెలూన్ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. మీకు వినబడలేదు. చెవులు చూపించుకోండి. బండి సంగతి తర్వాత."

అక్టోబర్ 16, గురువారం

పావుగంట.

అక్టోబర్ 18, శనివారం

చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి డొప్పలు తగిలించారు. శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. గాజు అవతల కూర్చున్న అమ్మాయి మీట తిప్పినప్పుడల్లా ఆమె మోచెయ్యి కదులుతోంది. మోచెయ్యి కదలగానే నొక్కాను. దర్జాగా పాసవుతున్నాననుకున్నాను. ఆ అమ్మాయి నవ్వుతూ లేచి వచ్చి నా కుర్చీని గోడవైపు తిప్పేసింది.

"అంకుల్, మీ కళ్ళు మాత్రం చాలా బాగున్నాయి" అంది.

గోడకేసి కూర్చున్నాక చాలాసేపు ఏమీ జరగలేదు. పరీక్ష ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. మొదలైందట. అయిపోయింది కూడానట.

డాక్టర్ కాగితం మీద రెండు గీతలు చూపించాడు. కొండ మీదనుంచి జారినట్టున్నాయి రెండూ. మెషీన్ల హోరులో ఏళ్ళ తరబడి పనిచేస్తే ఇలాగే అవుతుందన్నాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి, రెండు చెవులకీ మెషీన్లు పెట్టుకోవాలి అన్నాడు. మెషీన్ తిన్నదానికి మెషీనే మందన్నమాట.

"బండి నడపొచ్చాండీ?" అని అడిగాను. ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది.

"చెవి మెషీన్లు పెట్టుకుని, రెండు పక్కలా అద్దాలు చూసుకుంటూ నెమ్మదిగా అయితే నడపండి" అన్నాడు డాక్టర్. ఆయన మాట నాకు మొత్తం అర్థమైంది. ఎదురుగా కూర్చుని మాట్లాడాడు మరి. ఎవరు ఎదురుగా మాట్లాడుతున్నారో, ఎవరు పక్కనుంచి మాట్లాడుతున్నారో ఇవాళంతా గమనిస్తూనే ఉన్నాను.

అక్టోబర్ 20, సోమవారం

బెల్లు బాగానే ఉంది.

పొద్దున్నే ఫోర్‌మన్‌ని అడిగి బెల్లు కొట్టించాను. కింద నిలబడి తలెత్తి చూశాను. సుత్తి గిలగిల్లాడుతోంది. పక్కనున్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. నాకు దోమ పాడినంత వినబడింది. ఆరోజు కాలర్ పట్టుకుని లాగినవాడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "గుండీ దొరికిందా?" అన్నాడు వాడు.

ఫోర్‌మన్‌కి కాగితం చూపించాను. ఆయన బయటికి తీసుకెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పాడు: "రేపట్నుంచి మెషీన్ దగ్గరికి రాకు. రంగులు చూసే బల్ల దగ్గర కూర్చో. నీ కన్నుకి దొరకని తప్పు లేదు."

మంచిమాటే. కానీ ఆ మెషీన్ నా చేతుల్లో పెరిగింది. మధ్యాహ్నం దాన్ని ఒకసారి తుడిచి వచ్చాను. ఆపి ఉన్నప్పుడే.

అక్టోబర్ 22, బుధవారం

సెలూన్‌కి వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. లోపల ఎవరూ లేరు. తమ్ముడు నన్ను చూసి తువ్వాలు దులిపి కుర్చీ మీద వేశాడు, ఏమీ జరగనట్టు.

"కత్తిరించుకోడానికి రాలేదు. నువ్వు చెప్పావు. నాకు వినబడలేదు. నేనన్న మాట తప్పు" అన్నాను.

"కూర్చోండన్నా."

కూర్చున్నాను. కుర్చీని అద్దం వైపు కాకుండా తనవైపు తిప్పుకున్నాడు.

"మీకు వెనకమాట వినబడదని నాకు ఎప్పట్నుంచో తెలుసు. అందుకే మీరు అద్దంలోకి చూసేదాకా నేను నోరు తెరవను. ఆరోజు బండి మోజులో మర్చిపోయా. మీరు తల ఊపితే విన్నారనుకున్నా. నా తప్పు కూడా ఉంది" అన్నాడు.

మాటను మాటలా పలికేవాడు ఇతనొక్కడే అని రాసుకున్నాను కదూ. ఇన్నాళ్ళూ ఇతను నాకోసం ఆ పనిచేస్తూ ఉన్నాడు. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

"అబద్ధాలకోరునన్నారు చూశారూ, అది మాత్రం కొంచెం గుచ్చుకుంది" అన్నాడు.

"కత్తి నీ చేతిలోనే ఉంది. చెవి కోసెయ్. ఎలాగూ పనికిరాదు" అన్నాను.

అతను నవ్వడానికి కొంచెం టైం పట్టింది. కానీ నవ్వాడు. బయానా తీసి ఇచ్చాడు. ఉండనీ, ఆలోచించుకుంటాను అన్నాను.

"ఇంకా ఏం ఆలోచిస్తారన్నా? అది పాడైన బండి. మళ్ళీ చెప్తున్నా, మొహం మీద చెప్తున్నా. పా-డై-న బండి."

అక్టోబర్ 26, ఆదివారం

బండిని పానాబాబాయికి చూపించాం. వీధి చివర షెడ్డులో బండ్లు బాగుచేసే పెద్దాయన. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది, అన్నం తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకుంటాడని చెప్పుకుంటారు. ఆవిడా వచ్చింది. రమ్మని నేను అడగలేదు. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "మీ చెవులు రావొద్దా మరి?" అంది.

ఇంజన్ తిరుగుతుంటే పానాబాబాయి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజన్‌కి ఆనించి, పిడి తన చెవికి పెట్టుకుని విన్నాడు. తర్వాత నన్ను పిలిచి, పిడిని నా చెవి వెనక ఎముకకి గట్టిగా అదిమాడు.

వినబడింది. వినబడింది అనాలో తగిలింది అనాలో. పళ్ళ దాకా వచ్చింది. టక, టక, టక, టక. ఆవిడ నాలుకతో చేసింది సరిగ్గా అదే. ఒక్క దెబ్బ తేడా లేదు. నేను ఆవిడకేసి చూశాను. "గోళీ" అన్నాను. ఆవిడ తల ఊపింది, అదేదో తను గెలిచినట్టు కాదు, నేను గెలిచినట్టు.

పానాబాబాయి ఇంజన్ ఆపి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పిస్టన్‌ని పట్టుకునే రాడ్ అడుగున అరిగిపోయింది. ఇంజన్ మొత్తం విప్పాలి. లోపల ఇంకేం తిన్నదో విప్పితే గానీ తెలీదు. నన్నడిగితే కొనొద్దంటాను. కొరివితో తల గోక్కోవడమే."

ఆయన చెప్పింది సబబే. నేను మనసు గట్టి చేసుకున్నాను. సరే బాబాయ్ అనబోయాను.

"బాబాయ్ గారూ, అసలు బాగవుతుందా అవదా? అది చెప్పండి" అంది ఆవిడ.

"బాగవకేం? ఇనుమేగా. మార్చాల్సింది మారిస్తే కొత్తదానిలా తిరుగుద్ది. టైం పట్టుద్ది, అంతే."

"అయితే కొంటాం" అంది.

నేను పక్కకి తీసుకెళ్ళి, నీకేమైనా పిచ్చా, ఆయన వద్దంటున్నాడుగా అన్నాను.

"డాక్టరు దగ్గర పోయింది తిరిగి రాదని విని వచ్చాం. ఇక్కడ ఈయన బాగవుద్దంటున్నాడు. ఇంట్లో బాగుపడేది ఒకటైనా ఉండనివ్వండి" అంది.

కొన్నాం. నేను కొన్నానని రాయడం సరికాదు. ఆవిడ కొంది.

నవంబర్ 2, ఆదివారం

ఇంజన్ విప్పాం. విప్పాం అంటే ఆయన విప్పాడు, నేను నట్లు డబ్బాలో వేశాను. పాడైన రాడ్ నా చేతిలో పెట్టాడు. బరువుగా, నల్లగా ఉంది. అడుగున వేలు పెట్టి ఊపితే ఊగుతోంది. ఇంత చిన్న ఊగులాటకి అంత గొడవ. ఆ రాడ్ తిప్పే క్రాంక్‌ని కూడా తినేసిందట. అదీ మార్చాలి. పానాబాబాయి నా ముఖం చూసి, "నేను ముందే చెప్పా" అన్నాడు. అది మాత్రం అందరి నోటా స్పష్టంగా వినబడుతుంది.

నవంబర్ 8, శనివారం

చెవి మెషీన్లు వచ్చాయి. పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఫ్రిజ్ ఇంత మూలుగుతుందా? నా చెప్పులు అడుగడుక్కీ కిర్రుమంటాయట, ఇన్నాళ్ళూ ఊరంతా విని ఊరుకుంది. కాగితం మడిస్తే పెంకుటిల్లు కూలినట్టుంది. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది, ఎప్పట్నుంచో కారుతోందట.

ఆవిడ ఎదురుగా కూర్చుని, "ఏదైనా చెప్పమంటారా?" అంది.

రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. సన్నగా, గరగరగా. "ఇది నీ గొంతు కాదే" అన్నాను. అనకూడదని అన్నాక తెలిసింది.

"అలవాటు పడండి. మీ గురకకి నేను అలవాటు పడలా?" అంది. నవ్వుతూనే అంది. కానీ లేచి వెళ్ళిపోయింది.

నవంబర్ 10, సోమవారం

మెషీన్లు డ్రాయర్లో పెట్టాను. బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. నిజంగానే అయిపోయి ఉండొచ్చు. చూడలేదు.

నవంబర్ 13, గురువారం

రంగుల బల్ల దగ్గర పని త్వరగా అయిపోయింది. ఆవిడని తీసుకురావడానికి బాలబడికి వెళ్ళాను. ఎందుకో జేబులో ఉన్న మెషీన్లు గేటు దగ్గర తీసి పెట్టుకున్నాను. పొద్దున డ్రాయర్లోంచి తీసి జేబులో వేసుకున్నాను, కారణం నన్నడగొద్దు.

కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల ఆవిడ కథ చెబుతోంది. కప్ప అయింది, దున్నపోతయింది, కప్పకి పెళ్ళి చూపులకొచ్చిన ఎలుకయింది. ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు. పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. కథ మధ్యలో ఒకణ్ణి ముక్కులోంచి వేలు తీయమని కప్ప గొంతుతోనే చెప్పింది. గొంతు ఇంకా రేకులాగే ఉంది. కానీ ఆ రేకులో ఉన్న మనిషి ఆవిడే. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ గబగబా లాగించేస్తుందో, నవ్వు ఆపుకోలేక ఎక్కడ మాట మింగేస్తుందో, అంతా అదే. బండి మీద నా భుజం పక్కన ఉండేది ఇదే. ఇన్నాళ్ళూ ఇక్కడ ఉంది.

బెల్లు కొట్టారు. అదీ వినబడింది. పిల్లలు బిలబిల్లాడుతూ వచ్చారు. ముక్కులో వేలు పెట్టుకునేవాడు నా చెవికేసి చూపించి, "తాతా, అదేంటి?" అన్నాడు.

"రేడియో" అన్నాను.

"ఏం పాట వస్తోంది?"

వెనక ఆవిడ వచ్చి నిలబడింది. "పాట కాదు, కథ" అన్నాను.

ఆవిడ సంచి నా చేతికిచ్చింది. ఇంటికి నడిచి వచ్చాం. దారిలో రెండు సంగతులు చెప్పింది. రెండోది మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పింది.

నవంబర్ 14, శుక్రవారం

తాతా అన్నాడు వెధవ.

నవంబర్ 23, ఆదివారం

ఇంజన్ లేచింది.

సెలూన్ తమ్ముడు కూడా దుకాణం మూసి నడుం పట్టుకుని వచ్చాడు. పానాబాబాయి ఆయిల్ పోసి, పానా జేబులో పెట్టుకుని, పక్కకి తప్పుకుని, కిక్ కొట్టమని నాకు సైగ చేశాడు. మొదటి కిక్‌కి దగ్గింది. రెండోదానికి తుమ్మింది. మూడోదానికి అందుకుంది. చెవుల్లో ఒకటే హోరు. మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. ఆవిడకేసి చూశాను. కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి వింటోంది. అందరం ఆవిడ ముఖమే చూస్తున్నాం, పరీక్ష ఫలితాల బోర్డులా. యాక్సిలరేటర్ తిప్పమని చెయ్యి ఊపింది. తిప్పాను. ఆపమంది. ఆపాను.

"గోళీ లేదు" అంది.

తమ్ముడు చప్పట్లు కొట్టాడు. పానాబాబాయి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "నేను ముందే చెప్పా" అన్నాడు. చెప్పింది కొనొద్దని. ఎవరూ గుర్తు చేయలేదు.

కొత్త భాగాలు ఒకదానికొకటి అలవాటు పడేదాకా కొన్ని వారాలు నెమ్మదిగా నడపాలట. తరమకూడదు, బరువులు వేయకూడదు, మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వాలి.

"నేను బరువేనా బాబాయ్ గారూ?" అంది ఆవిడ.

"నువ్వు కాదమ్మా. ఆయనే" అన్నాడు.

నవంబర్ 30, ఆదివారం

మధ్యాహ్నం ఇద్దరం బయల్దేరాం. ఎక్కడికీ అని లేదు. సైకిళ్ళు మమ్మల్ని దాటుకుని పోయాయి. ఒక ముసలాయన నడుస్తూ దాటేస్తాడేమో అనిపించింది.

గాలి మెషీన్లలో దూరి తుఫానులా హోరుమంటోంది. ఆవిడ వెనకనుంచి ఏదో అంది. అర్థం కాలేదు. బండి పక్కకి తీసి, ఆపి, హెల్మెట్ తీసి వెనక్కి తిరిగి, "ఏమన్నావ్?" అన్నాను.

"దీనికోసం ఆపారా? ఆ ఇంటి మేడ మీద మేక ఉంది చూడండి అన్నా."

చూశాను. నిజంగానే మేక. పిట్టగోడ మీదనుంచి పెద్దమనిషిలా వీధిని చూస్తోంది. మళ్ళీ బయల్దేరాం. మళ్ళీ ఏదో అంది. మళ్ళీ ఆపాను. అమ్మాయి వచ్చేవారం వస్తానంది, చెప్పడం మర్చిపోయాను అంది. మళ్ళీ ఆపాను. కుడికాలు తిమ్మిరెక్కింది అంది. ఇంకోసారి ఆపితే, ఏమీ అనలేదు, తుమ్మాను అంది. ఇంజన్‌ని చల్లారనివ్వమన్నారుగా, మంచిదేగా అన్నాను. ఆపిన ప్రతిచోటా కాసేపు కబుర్లయ్యాయి. అన్నీ రాయను. కొన్ని నా చెవిన పడ్డవి నాకే.

ఊరు దాటి, చెరకు లారీలు వెళ్ళే రోడ్డు మీదికి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. గాలి తగ్గింది. రోడ్డు ఖాళీగా ఉంది. బండి హాయిగా పోతోంది.

"చీకటి పడుతోంది. ఇక ఇంటికి తిప్పండి" అంది ఆవిడ.

స్పష్టంగా వినబడింది. ఒక్క అక్షరం పోలేదు. వినబడనట్టే ముందుకి పోనిచ్చాను.

కాసేపటికి వీపు మీద ఒకటి పడింది.

"విన్నారని నాకు తెలుసు" అంది.

అది కూడా వినబడలేదు.